పూలకొమ్మ ఎక్కడిది

ఫిబ్రవరి 11, మంగళవారం

ఈ రోజు ఆ చెట్టును చంపుదామనుకున్నాను. తీరిక దొరకలేదు.

పొద్దున్నే ఆయనకు ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, తినిపించి, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టేసరికి ఎనిమిదిన్నర. షాపు తొమ్మిదికి. నాది ఆల్టరేషన్ షాపులో పని. పొడుగు ప్యాంట్లు పొట్టి చేస్తాను, బిగుతు గౌన్లు వదులు చేస్తాను. జనం లావెక్కుతూ చిక్కిపోతూ ఉన్నంతకాలం నాకు ఢోకా లేదు. మధ్యాహ్నం ఒకసారి ఇంటికొచ్చి ఆయన్ని చూసి వెళ్తాను. సాయంత్రం మళ్ళీ తుడవడం, మార్చడం, తినిపించడం. ఇక చంపేదెప్పుడు?

ఈ డైరీ ఫిజియో అమ్మాయి ఇచ్చింది. ఆయన రోజూ ఎన్ని అడుగులు వేశారో, చెయ్యి ఎంత లేచిందో రాయమంది. రాశాను. అడుగులు సున్నా, చెయ్యి లేవలేదు. పేజీ చాలా మిగిలిపోయింది. అందుకని ఇది.

నవంబర్‌లో స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. మాటల్లో ఒక్కటి మిగిలింది. రేపు. దాహమేసినా రేపు, నొప్పెట్టినా రేపు, అవుననడానికీ కాదనడానికీ రేపే. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, అలవాటు పడటం కష్టమేనమ్మా అన్నాడు. ఇరవై ఆరేళ్ళుగా నేనేది అడిగినా ఆయన చెప్పిన మాట అదే. నాకు తేడా తెలియలేదు.

చెట్టు పెరట్లో ఉంటుంది. సరిగ్గా కిటికీకి ఎదురుగా, బల్ల మీద. ఆపిల్ బోన్సాయ్. మోకాలెత్తు, ముప్ఫై ఏళ్ళ వయసు, పళ్ళెంలాంటి కుండీ. ఎడమచేతిలో చెంచా పట్టుకుని కిటికీ అద్దం వెనక కూర్చుని ఆయన దాన్నే చూస్తుంటారు. నేను దాని దగ్గరికి వెళ్తే అద్దం మీద కొడతారు. ఒకసారి కొడితే వద్దని. రెండుసార్లు కొడితే ఊఁ అని.

ఫిబ్రవరి 14

ఈ చలి ఊళ్ళో ఫిబ్రవరి అంటే ఇంతే, పొద్దున లేచేసరికి పెరడంతా మంచు గడ్డకట్టి తెల్లగా ఉంది. ఫిజియో అమ్మాయి వచ్చి, అయ్యో పాపం, అంత చలిలో చెట్టు బయటే ఉందా, లోపల పెట్టకూడదా అంది.

ఆయన నోట్‌బుక్ ఒకటుంది. చెట్టు గురించి అన్నీ అందులో రాసుకున్నారు. తీసి చూశాను. "చలికాలం ఇంట్లో పెట్టరాదు. చలి తగలకపోతే పువ్వు రాదు. వెచ్చదనానికి చెట్టు పోతుంది."

చదివి, పుస్తకం మూసి, వెళ్ళి చెట్టును లోపలికి తెచ్చాను. హీటర్ పక్కన పెట్టాను. ఆయన కూర్చున్న చోటికి నాలుగడుగుల దూరం. నా అంత దయగలది ఈ వీధిలో ఎవరుంటారు?

రేపు, రేపు, రేపు అని ఒకటే అరుపు. చెంచా విసిరేశారు. మొహం జేవురించింది. కాసేపటికి కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. ఫిజియో అమ్మాయి బిత్తరపోయింది. చెట్టును మళ్ళీ బయట పెట్టాల్సి వచ్చింది.

నాకు రెండుసార్లు కడుపు పోయింది. రెండుసార్లూ ఆ కళ్ళు పొడిగానే ఉన్నాయి.

ఫిబ్రవరి 27

రెండేళ్ళకోసారి వేళ్ళు కత్తిరించి, మట్టి మార్చాలట. మొగ్గలు ఉబ్బకముందే చెయ్యాలట. ఈ ఏడాది దాని వంతు వచ్చింది. ఖర్మ కాకపోతే, ఈ ఏడాదే రావాలా.

ఎందుకు చేస్తున్నానంటే, చెయ్యకపోతే ఆయన చెంచా ఆపరు. పక్కింటివాళ్ళు గోడ మీద కొడుతున్నారు.

కుండీలోంచి లేపాను. కింద వేళ్ళు జడలు కట్టుకుపోయి ఉన్నాయి. మూడో వంతు కత్తిరించాలి. కత్తెర పట్టుకుని ఒక్కో వేరూ చూపిస్తుంటే ఆయన కొడుతున్నారు. ఒకటి. రెండు. ఒకటి. ఒకటి. ఒకసారి కొట్టినవి కూడా రెండు మూడు కత్తిరించాను. ఆయన ఎదురుగా ఇంత హాయిగా ఎప్పుడూ ఏదీ చేయలేదు.

షాపులో గోళ్ళకింద మట్టి చూసి ఓనరమ్మ, తెల్ల గౌను ముట్టుకోకు అంది. ఎవరో పెళ్ళికూతురిది. పోయి ఇస్త్రీ ఆయన పక్కన కూర్చుని గుండీలు కుట్టుకున్నాను.

మార్చి 8

మొండిఘటం. మొగ్గ పచ్చబడింది.

మార్చి 19

పక్కింటావిడ గోడమీంచి, ఎంత ముద్దుగా ఉందో, కన్నబిడ్డలా పెంచుతున్నారు అంది. కన్నబిడ్డ కొమ్మలకు ఎవరైనా తీగ చుట్టి వంచుతారా? ఎదిగినప్పుడల్లా తుంచుతారా? కాండం మీద ఎప్పటివో తీగ నొక్కులున్నాయి, చర్మంలోకి దిగిపోయి. చూపించాను. ఆవిడ నవ్వి లోపలికి వెళ్ళిపోయింది.

ఆదివారం కాబట్టి నిన్నంతా... కాదు, ఆదివారం అటుమొన్న. రోజులు కూడా గుర్తుండటం లేదు. ఆదివారం ఆదివారం ఆయన అక్క ఫోన్ చేస్తుంది. పెద్దాసుపత్రిలో హెడ్‌నర్సుగా రిటైరైంది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతున్నావా, మడమలకు నూనె రాస్తున్నావా, ఏం పెడుతున్నావు. వచ్చి చూసిపోండి వదినగారూ అంటే మాత్రం మోకాళ్ళు నొప్పులు.

నాకూ ఒక అన్నయ్య ఉన్నాడు. ఉండేవాడు అనాలేమో. అదే ఊరు, బస్సులో నలభై నిమిషాలు. పన్నెండేళ్ళయింది చూసి.

ఆయన, అన్నయ్య ఒకే లిఫ్టుల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. అన్నయ్య ఫోర్‌మన్, ఈయన చెకింగ్. ఒకరోజు ఈయన చూడకుండానే చూశానని సంతకం పెట్టిన భాగం ఒకటి ఊడి, ఒక కార్మికుడి మూడు వేళ్ళు తెగిపోయాయి. ఎంక్వయిరీలో అన్నయ్యను అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాడు. ఈయన ఉద్యోగం ఊడింది. ఆ రాత్రి గుమ్మంలో నిలబడి, ఆ గడప తొక్కితే మళ్ళీ ఈ గడప తొక్కక్కర్లేదు అన్నారు. నేను తొక్కలేదు. అన్నయ్య కూడా రాలేదు. ఫోన్ కూడా చెయ్యలేదు. నాలుగేళ్ళ క్రితం నా మేనకోడలి పెళ్ళి జరిగిందని షాపుకొచ్చిన ఎవరో చెబితే తెలిసింది. కార్డు ముక్క కూడా పంపలేదు. ఆ రోజు మిషన్ సూది వేలిలో దిగింది.

సరే. అడుగులు ఈ రోజు నాలుగు.

మార్చి 31

మొగ్గలు గులాబీరంగుకు తిరిగాయి. ఆయన నిలకడగా కూర్చోవడం లేదు. ఎడమచేత్తో బీరువా చూపించి రేపు రేపు అంటున్నారు. వెతికితే కింది అరలో ఒక డబ్బా దొరికింది. అందులో సన్నని పెయింటు బ్రష్, చిన్న గాజుసీసా, మడతపెట్టిన గుడ్డ.

నోట్‌బుక్ చూశాను. ఆపిల్‌కు తన పుప్పొడి తనకు పట్టదట. ఇంకో రకం ఆపిల్ చెట్టు పువ్వు తెచ్చి, దాని పుప్పొడి బ్రష్‌తో అద్దాలట. లేకపోతే పూస్తుంది, రాలిపోతుంది, అంతే. ప్రతి ఏప్రిల్‌లోనూ ఒకే రాత. "కొమ్మ తెచ్చాను. 16 పూలకు అద్దాను. 7 నిలిచాయి." తొమ్మిదేళ్ళ లెక్క ఉంది. కొమ్మ ఎక్కణ్ణుంచి తెచ్చారో ఒక్కచోటా లేదు.

నిజమే, ఏటా ఒక ఆదివారం పొద్దున్నే ఆ డబ్బా పట్టుకుని పోయేవారు. నర్సరీకి అనేవారు. సాయంత్రానికి తడిగుడ్డలో చుట్టిన పూలకొమ్మతో వచ్చేవారు. నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు.

నాకేం పట్టింది, రాలిపోనీ అనుకున్నాను. కానీ మొగ్గలొచ్చిన దగ్గర్నుంచి ఆయన ఎక్సర్‌సైజు మానేశారు. కాలు కదపమంటే కిటికీ చూపిస్తారు. ఇలాగే ఉంటే కాలు బిగుసుకుపోతుంది ఆంటీ, ఇక జీవితాంతం మీరే ఎత్తాలి అంది ఫిజియో అమ్మాయి.

అమ్మో. కొమ్మే తెస్తాను.

ఏప్రిల్ 3

ఎక్కణ్ణుంచి తెచ్చేవారు అని అడిగాను. నర్సరీయా? ఒకటి కొట్టారు. పార్కా? ఒకటి. ఫ్రెండ్ ఇల్లా? కొట్టలేదు. అక్షరాల అట్ట ముందు పెట్టాను, వేలితో చూపించమని. కళ్ళు మూసుకున్నారు. నిద్ర కాదు, నాకు తెలుసు. రెప్పలు అదురుతున్నాయి.

చెట్టు కావాలి. పూలు నిలవాలి. చోటు మాత్రం నాకు తెలియకూడదు.

ఇస్త్రీ ఆయనకు చెబితే, ఎవరో ఆడమనిషి అయుంటుందమ్మా అని ఆవిరి వెనకనుంచి నవ్వాడు. నిజంగా అలాంటి పుణ్యాత్మురాలు ఉంటే వెళ్ళి దండం పెట్టి, ఈయన్ని కుర్చీతో సహా అప్పగించి వస్తాను అన్నాను.

మొదటి పువ్వు విచ్చుకుంది.

ఏప్రిల్ 4, శుక్రవారం

షాపు నుంచి అటే నర్సరీకి వెళ్ళాను. నర్సరీ పెద్దాయన మా ఆయన్ని బాగా ఎరుగుదునన్నాడు. మట్టి, తీగ, ఎరువు మా దగ్గరే కొంటారు, ఈ మధ్య కనబడటం లేదేం అన్నాడు. స్ట్రోక్ అని చెప్పాను. అయ్యో అని, స్టూలు వేశాడు.

మీ దగ్గర ఏటా పూలకొమ్మ తీసుకునేవారట, అది కావాలి అన్నాను.

మా దగ్గరా? మా దగ్గర ఆపిల్ చెట్టు ఎక్కడుందమ్మా. నేనే ఒకసారి అడిగాను, మీకు పువ్వు ఎక్కణ్ణుంచి వస్తుంది సార్ అని. మా బావమరిది ఇంటి ముందు పెద్ద చెట్టుంది, ఏటా ఆయనే కోసి పెడతాడు అన్నారు. అదృష్టవంతులమ్మా, మంచి బావమరిది.

నాకు ఒక్కడే అన్న. ఆయనకు ఒక్కడే బావమరిది.

స్టూలు మీదే కూర్చున్నాను. మంచినీళ్ళు తెప్పించనా అన్నాడు పెద్దాయన. తాగానో లేదో గుర్తులేదు. ఇంటికొచ్చి ఆయనకు తినిపించాను. చెంచా పళ్ళకు తగిలింది. కావాలని కాదు. కావాలనే.

ఏప్రిల్ 5

పదకొండు ప్యాంట్ల అంచులు కుట్టాను.

ఏప్రిల్ 6, ఆదివారం. బస్‌స్టాపులో

పక్కింటావిడను కాసేపు ఆయన్ని కనిపెట్టుకోమని వచ్చాను. ఇప్పుడు తిరుగు బస్సు కోసం కూర్చున్నాను. ఇక్కడే రాస్తాను. ఇంటికెళ్ళాక రాస్తే మెత్తబడిపోతుంది.

అన్నయ్య ఇంటి చెట్టు వీధి మొదటినుంచే కనిపించింది. ఇంటి ముందు, తెల్లగా, విరగబూసి. గేటు తీస్తుంటే మీద రేకులు రాలాయి. వదిన తలుపు తీసింది. నన్ను చూసింది. వెనక్కి తిరిగి, ఏమండీ, ఈసారి ఆవిడే వచ్చింది అంది. ఆవిడట.

గుమ్మం పక్కన బకెట్లో నీళ్ళు, నీళ్ళలో పూలకొమ్మ. కోసి సిద్ధంగా పెట్టారు.

అన్నయ్య జుట్టంతా తెల్లబడింది. కుర్చీలోంచి లేవలేదు. కొమ్మ అక్కడుంది, తీసుకుని వెళ్ళు, బస్సు మళ్ళీ మూడున్నరకు అన్నాడు.

కొమ్మ కోసం వచ్చానని నీకెవరు చెప్పారు అన్నాను.

ఏటా పంపేదానివిగా మీ ఆయన్ని. ఈసారి ఆయనకు తీరలేదా?

నేనెప్పుడు పంపాను అన్నాను.

అప్పుడు లేచాడు. తొమ్మిదేళ్ళనాడు బావ వచ్చి గేటు బయటే నిలబడ్డాడట. మీ చెల్లెలు ఆపిల్ మొక్క పెంచుకుంటోంది, దానికి పువ్వు కావాలి, అడగడానికి మొహం చెల్లక నన్ను పంపింది అన్నాడట. నీ మొహం చూడనని ఒట్టు పెట్టుకుంది, రావద్దు, ఫోన్ చెయ్యొద్దు, చేస్తే గొడవ చేస్తుంది, పువ్వు మాత్రం ఇవ్వు అన్నాడట. సరే, నా చేతిది ఒక్కటైనా తీసుకుంటోంది కదా అనుకున్నాను అన్నాడు అన్నయ్య. ఏటా ఏ కొమ్మ బాగా పూస్తుందా అని ముందే చూసుకుని, దాన్ని ముట్టుకోకుండా ఉంచుతాను అన్నాడు.

ఆ చెట్టు నాది కాదు అన్నాను. ఆయన వచ్చినట్టే నాకు తెలియదు, ఇప్పుడు స్ట్రోక్ వచ్చి మాట పోయి ఉన్నారు అన్నాను. నమ్మలేదు. నీ కూతురి పెళ్ళికి కార్డు కూడా వెయ్యని నువ్వా నన్ను అడిగేది అన్నాను. అప్పుడు వదిన అరిచింది. కార్డు మీ ఆయన చేతికే ఇచ్చాం, నేనే ఇచ్చాను, ఈ చేత్తో, కొమ్మతో పాటు అంది. లోపలికెళ్ళి ఆల్బమ్ తెచ్చి నా ఒళ్ళో పడేసింది. ముందు వరసలో అందరూ కూర్చున్నారు. మధ్యలో ఒక కుర్చీ ఖాళీ. ప్రతి ఫొటోలోనూ ఖాళీ. మీ అన్న ఎవర్నీ కూర్చోనివ్వలేదు అంది.

నేను చాలాసేపు ఆ కుర్చీనే చూశాను.

అన్నయ్య కిటికీ వైపు తిరిగి, సరే, వాడు అబద్ధం చెప్పాడు, నీకు కాళ్ళు లేవా అన్నాడు. నలభై నిమిషాలు. పన్నెండేళ్ళలో ఒక్కసారి నీకు బస్సు దొరకలేదా?

నీకు దొరికిందా అన్నాను.

ఇద్దరికీ కాళ్ళున్నాయి, లేనిది బుర్ర అంది వదిన.

అంతే. ఏడ్చుకుని కౌగిలించుకోలేదు. నేను లేచి వచ్చేశాను. వీధి చివరికొచ్చాక వెనకనుంచి చెప్పుల చప్పుడు. వదిన, రొప్పుతూ, తడిగుడ్డలో చుట్టిన కొమ్మతో. మర్చిపోయావు అంది. గుడ్డ అంచున బాల్‌పెన్నుతో ఫోన్ నంబరు రాసుంది.

బస్సు వస్తోంది.

అదే రోజు, సాయంత్రం 6

కొమ్మ ఆయన ఒళ్ళో పెట్టాను. మొహం వెలిగింది. నేను వాళ్ళింటికి వెళ్ళొచ్చాను అని చెప్పాను. ఆరిపోయింది.

ఎదురుగా స్టూలేసుకుని ఒక్కొక్కటీ అడిగాను. నేను పంపానని చెప్పారా? కుర్చీ చెక్క మీద రెండుసార్లు కొట్టారు. నేను ఒట్టు పెట్టుకున్నానని చెప్పారా? రెండు. పెళ్ళికార్డు ఇచ్చారా? రెండు. చింపేశారా? రెండు.

ఎందుకు?

నోరు తెరిచారు. మెడనరాలు ఉబ్బాయి. పెదవులు ఏదో పట్టుకోవడానికి తడుముకున్నాయి. ఏం వస్తుందో నాకు తెలుసు, అయినా ఆగాను. రేపు అన్నారు.

చెయ్యి ఎత్తాను. దించాను. కొట్టి ఉంటే బాగుండేది, ఈ పాటికి ఏడ్చి పడుకునేదాన్ని.

పెరట్లోకెళ్ళి చెట్టును రెండు చేతులా ఎత్తుకుని, ఇంటి పక్క సందులోకి, తూర్పు గోడ దగ్గరికి మోశాను. కిటికీలోంచి ఆ చోటు కనిపించదు. ఆయనకిక ఖాళీ బల్ల. చూడనీ. మా వాళ్ళు ఫొటోల్లో ఖాళీ కుర్చీ చూశారు.

ఏప్రిల్ 7

ఎండెక్కాక, రేకుల తడి ఆరాక అద్దాలని నోట్‌బుక్‌లో ఉంది. షాపుకు లేటుగా వస్తానని ఫోన్ చేసి చెప్పాను. కొమ్మ పువ్వులోంచి పసుప్పచ్చ పొడి బ్రష్‌తో తీసి, చెట్టు పువ్వు నడుమ అద్దాను. ఇంకోటి. ఇంకోటి. సూదిలో దారం ఎక్కించే చెయ్యి నాది, వణకదు. ఇరవై ఎనిమిది పువ్వులు. ఆయన ఎన్నడూ అన్ని చెయ్యలేదు.

రాత్రంతా ఆలోచించాను. ఆ కొమ్మ మా అన్నయ్య నాకు పంపింది. తొమ్మిదేళ్ళూ నాకే పంపాడు. చెట్టు నాదని ఆయనే చెప్పారు, నలుగురిలో కాకపోయినా ఇద్దరి ముందు చెప్పారు. మంచిది. ఆయన చెప్పిన అబద్ధాల్లో ఒక్కదాన్నైనా నేను నిజం చేస్తాను.

చెట్టు నాది.

లోపల చెంచా మోగుతూనే ఉంది.

ఏప్రిల్ 24

రేకులన్నీ రాలాయి. పువ్వు వెనక చిన్న ఉబ్బు ఉంటే నిలిచినట్టు. పదిహేను ఉన్నాయి.

ఫిజియో అమ్మాయి నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి, చెట్టును మళ్ళీ కిటికీ ముందు పెట్టండి ఆంటీ, ఆయన సగం కూడా తినడం లేదు అంది. అది నా చెట్టు అన్నాను. మీరింత కఠినులనుకోలేదు అంది. నేనూ అనుకోలేదు. అడుగులు మాత్రం పన్నెండు. సందువైపు తలుపుదాకా నడవాలని చూస్తున్నారు.

మే 20

గుడ్డ అంచున ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. వదిన తీసింది. పిందెలు నిలిచాయని చెప్పాను. పక్కనే ఉన్నట్టున్నాడు, గుత్తికి ఒక్కటే ఉంచి మిగతావి కత్తిరించెయ్యమను, లేకపోతే చెట్టు నీరసిస్తుంది అని అన్నయ్య గొంతు. నువ్వే చెప్పొచ్చుగా అంది వదిన. తలుపు వేసిన చప్పుడు.

ఐదు ఉంచాను. పది కత్తిరించాను. ఈసారి హాయిగా లేదు.

జూన్ 12

ఆకుల కింద దూదిలాంటి తెల్ల పురుగు. సబ్బునీళ్ళు. మూడు రోజులు బ్రష్ పెట్టి తోమాను. పళ్ళు తోముకోవడం ఒక రోజు మర్చిపోయాను.

జూలై 3

మండిపోతోంది. రోజుకు రెండుసార్లు నీళ్ళు. ఇవాళ మధ్యాహ్నం ఓనరమ్మ వదల్లేదు, ఏదో అర్జంటు సూటు. సాయంత్రం వచ్చేసరికి ఆకులన్నీ ముడుచుకుపోయి వేలాడుతున్నాయి. మట్టి కుండీ అంచులు వదిలేసి గట్టిపడింది. పైనుంచి పోస్తే నీళ్ళు పక్కల్నుంచి జారిపోతున్నాయి. నోట్‌బుక్‌లో ఇది లేదు. వదిన ఫోన్ ఎత్తలేదు.

ఏం చెయ్యాలో తెలియక చెట్టును ఎత్తుకుని ఇంట్లోకి పరిగెత్తాను. ఆయన ముందు నేల మీద పెట్టాను. మూడు నెలల తర్వాత ఆయన దాన్ని చూడటం.

పోతుందా అన్నాను. ఒకటి కొట్టారు. ఆకులు తుంచెయ్యనా? ఒకటి. ఎరువు వెయ్యనా? ఒకటి, గట్టిగా. నీళ్ళలో ముంచనా, కుండీతో సహా? రెండు. టబ్బు తెచ్చి నీళ్ళు నింపి కుండీ దించాను. బుడగలు వచ్చాయి. ఆయన చెయ్యి అడ్డంగా ఎత్తి పట్టుకున్నారు, ఆగు అన్నట్టు. బుడగలు ఆగేదాకా దించలేదు. ఆ తర్వాత రెండు కొట్టారు.

వేరేలా కొట్టి ఉండొచ్చు. చెట్టు నాదన్నాను కదా, చావనీ అనుకుని ఉండొచ్చు. నేనైతే అనుకునేదాన్నే.

ఆయన వంగి కాయలు లెక్కపెట్టారు. ఎడమచేతి వేళ్ళు ఐదూ విప్పి నాకు చూపించారు. నేను తల ఊపలేదు. చెట్టును తీసుకెళ్ళి సందులో నీడన పెట్టేశాను. తలుపు గడియ పెట్టాను.

జూలై 6

బతికింది. నాలుగు ఆకులు పోయాయి.

సెప్టెంబర్ 14, ఆదివారం

అన్నయ్య వచ్చాడు.

వదిన లాక్కొచ్చింది. ఇంట్లోకి రానన్నాడు, పక్కసందులోంచి చెట్టు దగ్గరికే వచ్చాడు. కాయలు ఎర్రబడుతున్నాయి, నిమ్మకాయంత ఉన్నాయి. కళ్ళద్దాలు పెట్టుకుని ప్రతి కొమ్మా చూశాడు. బావ చెప్పినట్టే ఉంది అన్నాడు.

ఏం చెప్పేవారు అన్నాను.

ఏటా చెప్పేవాడట. కొమ్మ తీసుకుని ఊరికే పోయేవాడు కాదట, గేటు దగ్గర నిలబడి అరగంట నా గురించి చెప్పేవాడట. పొద్దున లేవగానే చెట్టు దగ్గరికే పోతుంది. దాంతో కబుర్లు చెబుతుంది. వానొస్తే గొడుగు పట్టుకెళ్తుంది. నాకిచ్చే కాఫీ మర్చిపోతుంది కానీ దానికి నీళ్ళు మర్చిపోదు. చెయ్యి మంచిది, నా మాట వినని కొమ్మ తన మాట వింటుంది. నవ్వుతూ చెప్పేవాడు, వాడు అలా నవ్వడం ఫ్యాక్టరీలో కూడా చూడలేదు అన్నాడు అన్నయ్య.

ఆ ఆవిడెవరో నాకు తెలియదు. ఈ ఇంట్లో ఎప్పుడూ లేదు. ఇక్కడున్నదానితో ఆయన రోజుకు పది మాటలు మాట్లాడేవారు కాదు. ఆవిడ మీద నాకు అసూయ వేసింది. తర్వాత అసహ్యం వేసింది. కాఫీ మర్చిపోయిందట. నేను ఒక్కరోజు మర్చిపోలేదు.

వెళ్తూ అన్నయ్య పెరట్లోకి తిరిగి కిటికీ ముందు ఆగాడు. లోపల ఆయన, బయట అన్నయ్య, మధ్యలో అద్దం. ఆయన చెంచా ఎత్తారు, కొట్టలేదు. అన్నయ్య వేళ్ళు మడిచి అద్దం దాకా తీసుకెళ్ళి, జేబులో పెట్టుకున్నాడు.

గేటు దగ్గర నాతో, మేడ మీద గది ఖాళీగా ఉంది అన్నాడు. అమ్మాయి పెళ్ళయి వెళ్ళాక ఎవరూ లేరు. ఈ మనిషి దగ్గర ఇంకా ఏం చేస్తున్నావు నువ్వు?

ఆయన గోళ్ళు తీస్తున్నాను అన్నాను. వదిన నవ్వింది, వెంటనే ఆపేసింది.

అక్టోబర్ 5

కాయలు కోశాను. మూడు అన్నయ్య వాళ్ళకు. ఒకటి నేను కొరికాను. పులుపు, దవడలు జివ్వుమన్నాయి. ఒకటి తీసుకెళ్ళి ఆయన ఎడమచేతిలో పెట్టాను. తినలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. నేను ఆ గదిలోంచి వచ్చేశాను.

అక్టోబర్ 19, ఆదివారం

ఆయన అక్క ఫోన్ చేసింది. పక్కకు తిప్పుతున్నావా అని మొదలుపెట్టింది. వదినగారూ, నవంబర్ ఒకటి నుంచి మీరే తిప్పండి అన్నాను. భర్తను ఆ స్థితిలో వదిలేస్తావా, లోకం ఏమంటుంది అంది. మొత్తం చెప్పాను. బావమరిది, కొమ్మ, కార్డు, కుర్చీ. హెడ్‌నర్సు కదా, మధ్యలో అడ్డు రాకుండా విన్నది. వాడు చిన్నప్పుడూ అంతే, తనకు కావాల్సింది ఇంకొకరి పేరు మీద అడిగేవాడు అంది చివరికి. మోకాళ్ళ సంగతి ఎత్తలేదు. వస్తానంది.

ఆయనకు నేనే చెప్పాను. స్టూలు మీద కూర్చుని, నెమ్మదిగా. మీ అక్కగారు వస్తారు, ఇప్పుడు మీరు కర్రతో బాత్రూమ్ దాకా నడుస్తున్నారు, ఇబ్బంది ఉండదు. నేను అన్నయ్య దగ్గరికి వెళ్తున్నాను. చెట్టును తీసుకెళ్తున్నాను. మీరే అన్నారు కదా, నాదని.

ఒకటా రెండా, ఏదీ కొట్టలేదు.

నవంబర్ 2

గదిలో మంచం, మిషన్, కిటికీ. షాపుకు ఇక్కణ్ణుంచి రెండు బస్సులు. చెట్టు ఇంటి ముందు, పెద్ద చెట్టు పక్కన ఉంది. మధ్య ఆరడుగులు. వచ్చే ఏప్రిల్‌లో ఎవరూ కొమ్మ మోయక్కర్లేదు, ఆ పని తేనెటీగలు చూసుకుంటాయి అన్నాడు అన్నయ్య. మేమిద్దరం ఇంకా పెద్దగా మాట్లాడుకోవడం లేదు. చెట్టు గురించి మాట్లాడుకుంటున్నాం.

నవంబర్ 16

ఆదివారం ఆదివారం వెళ్ళి ఆయన గోళ్ళు తీసి వస్తున్నాను. అరగంట. ఆయన అక్కగారికి చేతకాక కాదు. ఎందుకని నన్ను ఎవరూ అడగలేదు, అడిగితే తగువే.

డిసెంబర్ 9

ఫిజియో అమ్మాయి షాపుకు ఫోన్ చేసింది. గొంతులో సంతోషం ఆగడం లేదు. ఆంటీ, ఆయనకు రెండో మాట వచ్చింది, పొద్దున్నుంచి అదే అంటున్నారు అంది. అదేమిటో చెప్పబోయింది.

చెప్పొద్దన్నాను. ఆయన మాటలు ఇంకొకరి నోట వినడం ఇక చాలు.